ఆటోలో ఊగితే బాగుపడిన కంప్యూటర్

"ఆగిపోయిందిరా."

మా నాన్న ఫోన్ చేశారంటే మొదటి మాట అదే. కుశల ప్రశ్నలు ఆ తర్వాత. ఏం చేస్తుంటే ఆగింది నాన్నా అంటే, "ఏమీ చెయ్యట్లేదురా, పద్యం కొడుతున్నా, ఆగిపోయింది" అనేవారు. మౌసు బాణం కదులుతోందా? "చూళ్లేదు." ఎంతసేపు ఆగింది? "చాలాసేపు." చాలాసేపంటే? "అబ్బా, వచ్చినప్పుడు నువ్వే చూద్దువుగాన్లే."

నాన్న రిటైరైన తెలుగు పండితులు. తెనాలిలో సొంతిల్లు. ముందుగదిలో ఒక టేబులు, దాని మీద 2014లో నేను సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీలో పార్టులు కొని బిగించి ఇచ్చిన సిస్టం. స్నేహితులు రాసుకున్న శతకాలు, ఎవరో పెద్దాయన షష్టిపూర్తి సంచిక, వీధిలోవాళ్ల శుభలేఖలు, ఇవన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసి ప్రెస్సుకి పంపడం ఆయన కాలక్షేపం. కాలక్షేపమని నేనంటాను. ఆయన లెక్కలో అది ఉద్యోగమే, పైగా మొదటి ఉద్యోగం కన్నా ఇష్టమైనది.

2024 దసరా ముందునుంచి ఆ సిస్టం రోజుకి రెండుమూడుసార్లు హ్యాంగ్ అవడం మొదలుపెట్టింది. సంక్రాంతికి నేను ఊరెళ్లేలోపు బజార్లో షాపుకి రెండుసార్లు వెళ్లొచ్చింది. రెండుసార్లూ ఫార్మాట్ కొట్టారు, అంటే ఉన్న విండోస్‌ని తుడిచేసి మళ్లీ ఎక్కించారు, రెండుసార్లూ ఐదొందలు తీసుకున్నారు. ఇంటికొచ్చాక వారం పదిరోజులు బ్రహ్మాండంగా పనిచేసి మళ్లీ మొదటికొచ్చింది. మూడోసారి వెళ్తే "ఇది పాతదైపోయింది అంకుల్, కొత్తది తీసేసుకోండి" అన్నాడట అక్కడి కుర్రాడు.

ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. ఎందుకు లేదో తర్వాత చెప్తాను. నా కోపమంతా "ఫార్మాట్ కొడితే పోతుంది" అనే మాట మీద. మన ఊళ్లలో కంప్యూటర్‌కి ఏ రోగమొచ్చినా ఇదే మందు. స్లోగా ఉందా, ఫార్మాట్. వైరసా, ఫార్మాట్. ప్రింటర్ పనిచెయ్యట్లేదా, అదీ ఫార్మాటే. జ్వరమని వెళ్తే ఏం జ్వరమో చూడకుండా సూది పొడిచి, కాస్త నీరసంగా ఉన్నవాడికి సెలైన్ ఎక్కించే ఆర్ఎంపీ వైద్యం లాంటిది ఇది. కొందరికి తగ్గుతుంది కూడా. వైరస్ పట్టినా, ఏదో డ్రైవర్ చెడినా, విండోస్ ఫైళ్లు పాడైనా ఫార్మాట్‌తో బాగుపడే మాట నిజమే. కాకపోతే తగ్గనప్పుడు ఒక నష్టం ఉంది. రోగం అక్కడే ఉంటుంది, రోగం గురించి రాసి ఉన్న కాగితాలు మాత్రం కాలిపోతాయి. సిస్టం ఎప్పుడెప్పుడు ఆగిందో, ఆగేముందు ఏ భాగం మొరాయించిందో విండోస్ తనంతట తనే ఒక చిట్టా రాసుకుంటూ ఉంటుంది. ఫార్మాట్ కొట్టగానే పోయే మొదటి వస్తువుల్లో అదొకటి.

పోయేది చిట్టా ఒక్కటే అయితే నేనింత రాసేవాణ్ణి కాదు. మొదటి ఫార్మాట్ తర్వాత నాన్న ఒక శతకం ఫైలు తెరిచారు. తెర మీద పద్యాల బదులు ఇంగ్లీషు అక్షరాలూ, విరామచిహ్నాలూ, కొమ్ములున్న ఏవో ఫ్రెంచి అక్షరాలూ వరసగా నిలబడ్డాయి. అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షర సంకేతాల పద్ధతి) కావు. ఫైల్లో ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. వాటికి తెలుగు వేషం వేసేది ఫాంటు. ఫాంటు లేకపోతే వేషం ఊడిపోతుంది. పేజ్‌మేకర్ 7 అయితే 2001 నాటి సరుకు, తర్వాత కొత్త వెర్షనే రాలేదు. దాన్నీ, ఫాంట్లనీ, నాన్న చేతికి అలవాటైన కీబోర్డు అమరికనీ మళ్లీ యథాస్థానంలో పెట్టడానికి ఆయన శిష్యుడొకాయనకి రెండు ఆదివారాలు పట్టింది. రెండో ఫార్మాట్‌కి మళ్లీ అదే కథ. ఐదొందలు అన్నది షాపు తీసుకున్న డబ్బు మాత్రమే, ఆ ఆదివారాలు ఎవరూ లెక్కేయలేదు.

భోగి ముందురోజు సాయంత్రం నేనా సిస్టం ముందు కూర్చున్నాను. అరగంటయినా ఏమీ కాలేదు. డాక్టరు గదిలోకి వెళ్లగానే దగ్గు ఆగినట్టు. నాన్న వెనక నిలబడి "నువ్వున్నావని భయపడింది" అన్నారు. అప్పుడు ఆగింది.

చూస్తే మౌసు బాణం కదులుతోంది. కానీ దేనిమీద నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. సీపీయూ పెట్టె ముందున్న ఎర్ర లైటు, హార్డ్ డిస్క్ పనిలో ఉందని చెప్పేది, ఆరకుండా వెలుగుతోంది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. అరనిమిషం తర్వాత, ఏమీ జరగనట్టు, నేను నొక్కిన ఆరు నొక్కుళ్లకీ ఆరు కిటికీలు ఒక్కసారిగా తెరుచుకున్నాయి.

ఆ అరనిమిషంలోనే సగం విషయం తేలిపోయింది. మనం అన్నిటికీ కలిపి హ్యాంగ్ అనే ఒక్క మాట వాడతాం గానీ, ఆగడంలో రకాలున్నాయి. ఒకటి, ఒక్క ప్రోగ్రామ్ ఆగడం. ఆ కిటికీ తెల్లబారి పైన "నాట్ రెస్పాండింగ్" అని పడుతుంది, మిగతావన్నీ పనిచేస్తాయి. ఒక ప్రోగ్రామ్ ఐదు సెకన్లపాటు పిలిస్తే పలకకపోతే విండోస్ దానికి ఆ ముద్ర వేస్తుంది. అది నిజంగా చచ్చిందో, పెద్ద పనిలో మునిగి ఉందో విండోస్‌కీ తెలీదు. ఒక ప్రోగ్రామ్ ఎప్పటికైనా పని ముగిస్తుందా, అలాగే తిరుగుతూ ఉంటుందా అన్నది అన్ని సందర్భాల్లోనూ తేల్చి చెప్పే పద్ధతి ఉండదని గణిత శాస్త్రజ్ఞుడు ఎలన్ ట్యూరింగ్ 1936లోనే రుజువు చేశాడు. అప్పటికింకా ఇళ్లలో కాదు కదా, ఎక్కడా ఇలాంటి కంప్యూటర్లే లేవు. అందుకే ఐదు సెకన్ల అంచనాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. కాబట్టి నాట్ రెస్పాండింగ్ పడగానే ఎండ్ టాస్క్ కొట్టకండి, పెద్ద ఫైలయితే ఒక కాఫీ తాగి రండి.

రెండో రకం మాది. బాణం కదులుతుంది, అప్పటికే మెమరీలో ఉన్న పనులు నడుస్తాయి, కానీ హార్డ్ డిస్క్‌ని ఏదైనా అడగ్గానే అడిగిన పని అక్కడే నిలబడిపోతుంది. మూడో రకం పూర్తిగా బిగుసుకుపోవడం. బాణం కదలదు. పాట వస్తుంటే చివరి ముక్క "ఘ్ర్‌ర్‌ర్" మని అదే పనిగా మోగుతుంది.

రెండో రకానికీ మూడో రకానికీ తేడా పట్టుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. ఆ లైటు కీబోర్డు తనంతట తాను వెలిగించేది కాదు. మీట నొక్కారన్న కబురు కంప్యూటర్‌కి వెళ్లి, అది "సరే, వెలిగించు" అని తిరిగి చెబితేనే వెలుగుతుంది. లైటు వెలిగిందంటే లోపల ఎవరో మెలకువగా ఉన్నారు, ఓపిక పట్టండి. వెలగలేదంటే పవర్ బటన్ నొక్కిపట్టుకోవడమే దారి. ఈ పరీక్ష నాన్నకి చెప్పాను. "అంటే నాడి చూడటం అన్నమాట" అన్నారు.

తర్వాత ఇంట్లో ఉన్న పాత నోటుబుక్కు తీసి గళ్లు కొట్టి ఇచ్చాను. తేదీ, టైము, బాణం కదిలిందా, క్యాప్స్ లాక్ వెలిగిందా, ఎంతసేపు, అప్పుడు ఏం చేస్తున్నారు, ఇంట్లో ఏం జరుగుతోంది. చివరి గడి ఎందుకని అడిగారు. ఎందుకో నాకూ సరిగా తెలీదు, ఉంటే మంచిదని పెట్టాను. ఆయన దాన్ని తర్వాత నాకన్నా బాగా వాడారు.

నోటుబుక్కు కన్నా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది, అది ఆ రాత్రే చేశాను. పద్యాలూ శుభలేఖలూ ఫొటోలూ ఒక ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు చాలామంది ఉత్సాహంగా చెక్ డిస్క్ మొదలుపెడతారు. చచ్చిపోతున్న డిస్కుని మొదటినుంచి చివరిదాకా గీకించడమంటే గుండెపోటు మనిషిని ట్రెడ్‌మిల్ ఎక్కించడమే. ముందు సరుకు బయటికి తెచ్చుకోవాలి, పరీక్షలు తర్వాత.

ఇక నా తెలివి సంగతి. నిజానికి ఊరు బయలుదేరక ముందే నేను రోగమేదో తేల్చేసుకున్నాను: వేడి. పదేళ్ల సిస్టం, కృష్ణా తీరపు దుమ్ము, ఫ్యాను మూసుకుపోయి ఉంటుంది, ప్రాసెసర్ కాగుతుంది, ఆగుతుంది. ఇదే కారణమని బస్సులో పక్కసీటాయనకి కూడా చెప్పాను. సీపీయూ పక్క రేకు విప్పితే నా అంచనాకి తగ్గ దృశ్యమే కనిపించింది. ఫ్యాను రెక్కల కింద దుమ్ము నల్లటి కంబళిలా పేరుకుంది, అడుగున బల్లి గుడ్ల పెంకులు రెండు, ఒక మూల ఎప్పటిదో చీమల బారు ఎండిపోయి ఉంది. బ్లోయర్ పెట్టి ఊదాను. ప్రాసెసర్ మీద సున్నంలా ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసర్ వేడిని బయటికి లాగడానికి రాసేది) గీకి కొత్తది రాశాను. పనిలో పనిగా ర్యామ్, అంటే మెమరీ ముక్కలు రెండూ ఊడదీసి, బంగారు పళ్లని పిల్లల రబ్బరుతో తుడిచి మళ్లీ నొక్కాను. పేజ్‌మేకర్ తెరిచి పని చేయిస్తే 92 డిగ్రీలకి వెళ్లే వేడి 61 దగ్గర ఆగింది. మూడు రోజులు సిస్టం ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. కనుమ రోజు గారెలు తింటూ మా బావగారికి వేడి గురించి ఉపన్యాసం ఇచ్చాను.

నాలుగో రోజు పొద్దున ఆగింది. అరనిమిషం, ఎర్ర లైటు, బాణం కదులుతూనే ఉంది. అంతా ముందులాగే.

ఇక్కడ నేను చేసిన తప్పు, షాపు కుర్రాడి తప్పు ఒకటే. ఒక మధ్యాహ్నంలో మూడు మార్పులు చేశాను. మూడు రోజులు బాగుందంటే దేనివల్ల బాగుంది? తెలీదు. మళ్లీ ఆగిందంటే ఏది పనిచేయలేదు? అదీ తెలీదు. వంటలో ఉప్పు ఎక్కువైందని నీళ్లూ బంగాళాదుంపా పెరుగూ అన్నీ ఒకేసారి వేస్తే, చివరికి తినేలా ఉన్నా వచ్చేసారి ఏది వేయాలో మనకి తెలిసిందేమీ లేదు. దుమ్ము దులపడం మంచిదే, ఎప్పటికైనా చేయాల్సిందే. కానీ అది రోగ నిర్ణయం కాదు, ఇల్లు ఊడవడం.

ఆ తర్వాత బుద్ధిగా ఒక్కొక్కటే పట్టుకున్నాను. ర్యామ్ బాగుందో లేదో చూడటానికి మెమ్‌టెస్ట్86+ అని ఉచితంగా దొరికేది ఒకటి ఉంది. దాన్ని పెన్ డ్రైవ్‌లో వేసి, విండోస్‌తో పనిలేకుండా నేరుగా దాంతోనే సిస్టం ఆన్ చేయాలి. 1994లో మొదలైన ప్రోగ్రామ్ వంశం అది, చూడ్డానికి ఇప్పటికీ అలాగే నీలం తెర మీద తెల్ల అక్షరాలు. రాత్రంతా తిప్పి పొద్దున చూస్తే తప్పులు సున్నా. సరే, ర్యామ్ కాదు.

అప్పుడు విండోస్ చిట్టా తెరిచాను. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అని కొడితే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" వస్తుంది. రోజువారీ గ్రాఫు, చెడిన రోజుల మీద ఎర్ర గుండ్రాలు. ఇంత మంచి వస్తువు విండోస్ విస్టా కాలంనుంచీ ఉందని ఎంతమందికి తెలుసు? ఇంకా లోపలికి వెళ్లాలంటే ఈవెంట్ వ్యూయర్. అందులో సిస్టం అనే పుస్తకంలో పసుపు త్రికోణాలతో ఒకే వరస మళ్లీ మళ్లీ కనిపించింది: 129 నంబరు, "రీసెట్ టు డివైస్". అంటే డిస్కుని ఏదో అడిగాను, ఎంతకీ పలకలేదు, విసుగొచ్చి దాన్ని రీసెట్ చేశాను అని విండోస్ రాసుకుంది. నోటుబుక్కులో నాన్న రాసిన టైములూ, చిట్టాలోని టైములూ పక్కపక్కన పెట్టుకుని చూశాం. 10.42కి ఆయన రాశారు, 10.42కి అదీ రాసింది. సాయంత్రం 5.15, మళ్లీ 5.15. నాన్న కళ్లజోడు సర్దుకుని, "రెండు తాళపత్ర ప్రతులు సరిపోయాయిరా" అన్నారు. జీవితంలో మొదటిసారి నా పని ఆయనకి అర్థమైందనిపించింది.

డిస్క్ అని తేలింది కదా, డిస్క్ మార్చేద్దామా? చాలామంది అక్కడే ఆగుతారు, నేనూ ఆగేవాణ్ణే. కానీ ప్రతి డిస్కూ తన ఆరోగ్యం తనే నమోదు చేసుకుంటుంది. దాన్ని స్మార్ట్ అంటారు, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్‌తో చదవచ్చు. మాది తెరిస్తే నీలం రంగులో "గుడ్" అని వచ్చింది. ఈ గుడ్‌ని గుడ్డిగా నమ్మకూడదు. గూగుల్ వాళ్లు తమ దగ్గరున్న లక్షకి పైగా డిస్కుల్ని గమనించి 2007లో ఒక పరిశోధన పత్రం వేశారు. చెడిపోయిన డిస్కుల్లో సగానికి పైగా, స్మార్ట్‌లోని నాలుగు ముఖ్యమైన గుర్తుల్లో ఏ ఒక్కటీ ముందుగా చూపించకుండానే పోయాయి. మరోవైపు, మొదటి స్కాన్ ఎర్రర్ కనబడ్డ డిస్కు, ఏ ఎర్రరూ లేనివాటితో పోలిస్తే 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువట. అంటే చెడ్డకబురు చెబితే నమ్మాలి, మంచికబురు చెబితే అంతగా నమ్మకూడదు. మన ఊళ్లో పెళ్లిసంబంధాల ఆరాల్లాగే.

కాబట్టి గుడ్‌ని వదిలేసి కింద వరసలు చదివాను. పాడైన సెక్టార్ల లెక్క చెప్పే 05, సీ5, సీ6 వరసలు మూడూ సున్నా. అంటే పళ్లెం మీద మచ్చ లేదు. ఇంకాస్త కింద సీ7 వరస, అల్ట్రా డీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్లు. దాని ఎదురుగా 3ఈ4 అని ఉంది. ఆ ప్రోగ్రామ్ అంకెల్ని పదహారు గుర్తుల లెక్కలో చూపిస్తుంది, మన లెక్కలోకి మారిస్తే 996. ఒక పెద్ద ఫొటోల ఫోల్డరుని ఇక్కణ్ణుంచి అక్కడికి కాపీ చేసి మళ్లీ చూశాను. 1,011.

ఈ సీ7 డిస్కు గురించి చెప్పేది కాదు. డిస్కుకీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో మాట చెదిరిపోయిన ప్రతిసారీ ఒకటి పెరిగే లెక్క అది. ఒకసారి పెరిగితే తగ్గదు, కాబట్టి అంకె ఎంతుంది అన్నది కాదు, ఇంకా పెరుగుతోందా అన్నదే ప్రశ్న. మాది పెరుగుతోంది. అంటే చెప్పేవాడు బాగున్నాడు, వినేవాడు బాగున్నాడు, మధ్యలో తీగ బాగోలేదు.

ఎర్ర రంగు సాటా కేబుల్, మూరెడు పొడవుంటుంది. చివర చిన్న ప్లాస్టిక్ తల. కొత్త కేబుళ్లకి ఆ తల మీద ఒక ఇనుప క్లిప్ ఉంటుంది, పెట్టగానే టిక్ మంటుంది. మాదానికి క్లిప్ లేదు. పదేళ్ల వేడికి వదులైపోయి, వేలితో తాకితే ఇటూ అటూ ఊగింది, కదిలే పన్నులాగా. గాంధీచౌక్ వైపు వెళ్లి ఎనభై రూపాయలు పెట్టి క్లిప్ ఉన్న కేబుల్ తెచ్చి పెట్టాను. అదొక్కటే మార్చాను, ఇంకేదీ ముట్టుకోలేదు. మళ్లీ అదే ఫోల్డరు కాపీ చేశాను. అంతకుముందు 1,011, ఇప్పుడూ 1,011. ఇంకోసారి చేశాను. 1,011.

అప్పుడు వెలిగింది, ఫార్మాట్ ఎందుకు పనిచేసిందో. సీపీయూని ఆటోలో పెట్టి బజారుకి తీసుకెళ్లారు. తెనాలి రోడ్ల మీద అది బాగా ఊగింది. షాపులో రేకు విప్పారు, తీగలు కదిపారు, నొక్కారు. మళ్లీ ఆటోలో ఊగుతూ ఇంటికొచ్చింది. ఆ కదలికలో వదులైన కేబుల్ కాస్త సర్దుకుంది. వారం పదిరోజుల్లో ఫ్యాను అదురుకి మళ్లీ జారింది. నా దుమ్ము దులుపుడు తర్వాత మూడు రోజులు బాగుండటానికి కూడా కారణం నా థర్మల్ పేస్టు కాదు, ర్యామ్ నొక్కేటప్పుడు నా మోచెయ్యి ఆ కేబుల్‌కి తగలడమే అయ్యుండాలి. ఐదొందలు ఇచ్చింది ఫార్మాట్‌కి, పని చేసింది ఆటో. మూడుసార్లు మార్పు చేస్తే మూడుసార్లూ బాగుపడింది అంటే ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. మొక్కు తీర్చుకున్నాకే వాన పడింది అన్న నమ్మకం లాంటిది. పడనిచోట ఏమైందో ఎవరూ లెక్క పెట్టరు.

మరి ఆ కుర్రాడి మీద కోపం ఎందుకు లేదంటే, అతని వైపునుంచి ఒకసారి చూడండి. రోజుకి పది సిస్టంలు వస్తాయి. మా సిస్టం అతని ముందు గంటసేపు ఉంటే ఆ గంటలో అది ఆగకపోవచ్చు, ఆటోలో ఊగొచ్చింది కాబట్టి ఆగదు కూడా. కారణం కనుక్కోవాలంటే దాన్ని మూడు రోజులు పనిచేయిస్తూ కనిపెట్టుకుని ఉండాలి. ఆ మూడు రోజులకి మనం ఎంతిస్తాం? "తీగ ఊగుతోందండీ, ఎనభై రూపాయల కేబుల్, నా కూలి వెయ్యి" అని అతనంటే, ఎనభై రూపాయల వస్తువుకి వెయ్యా అని వీధంతా చెబుతాం. అదే ఫార్మాట్ అంటే గంటన్నరసేపు తెర మీద చుక్కలు తిరుగుతాయి, ఏదో పని జరుగుతున్నట్టు కనిపిస్తుంది, ఐదొందలు మారుమాట్లాడకుండా ఇస్తాం. ఆలోచనకి డబ్బివ్వం, చుక్కలు తిరిగితే ఇస్తాం. కొన్నాళ్లకి షాపులన్నీ చుక్కలే అమ్ముతాయి.

దీనికి సమాధానం ప్రతివాడూ మెకానిక్ అవడం కాదు. మా అత్తయ్యని ఈవెంట్ వ్యూయర్ తెరవమని నేనడగను. కానీ గళ్లు కొట్టిన ఒక కాగితం షాపుకి తీసుకెళ్లడం ఎవరైనా చేయగలరు. "ఆగిపోతోంది బాబూ" అనడానికీ, "పదకొండుసార్లు ఆగింది, ప్రతిసారీ బాణం కదిలింది, క్యాప్స్ లాక్ వెలిగింది, అరనిమిషంలో తేరుకుంది" అనడానికీ చాలా దూరముంది. రెండో మాట విన్న ఏ మెకానిక్కయినా చెయ్యి ముందు డిస్కు వైపు వెళ్తుంది. విన్నాక కూడా ఫార్మాటే అంటే షాపు మార్చండి.

ఒక పిట్టకథ. "రోజూ రాత్రి ఆఫ్ చేసి పొద్దున ఆన్ చేస్తున్నా, ఇంకేం కావాలిరా దానికి" అని నాన్న వాదన. టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ చూపించాను, నాలుగు రోజుల నుంచీ నడుస్తున్నట్టుంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొడితే విండోస్ తన లోపలి భాగాన్ని డిస్కులో మడిచిపెట్టుకుని, పొద్దున అదే మడత విప్పుతుంది. అది నిద్ర, స్నానం కాదు. స్నానం కావాలంటే రీస్టార్టే కొట్టాలి. విచిత్రంగా ఉన్నా నిజం: ఆఫ్ చేసి ఆన్ చేయడం కన్నా రీస్టార్ట్‌తోనే విండోస్ శుభ్రంగా మొదలవుతుంది.

కేబుల్ మార్చి నేను హైదరాబాద్ వచ్చేశాను. మూడు వారాలు ఫోన్‌లో మొదటి మాట "బాగున్నావురా" అయింది. ఫిబ్రవరిలో మళ్లీ: "ఆగిపోయిందిరా." కానీ ఈసారి వెంటనే, "బాణం కదల్లేదు. క్యాప్స్ లాక్ వెలగలేదు. బటన్ నొక్కి ఆపాను. రాత్రి 7.50" అని చదివారు. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఇది పాత రోగం కాదు, మూడో రకం. మర్నాడు కాదు, ఆ తర్వాతి రోజు మళ్లీ 7.40కి. చిట్టా ఫొటో తీసి పంపమంటే కెర్నెల్ పవర్ 41 అని ఎర్ర అక్షరాలున్నాయి. దీన్ని చూసి ఎస్ఎంపీఎస్ (సిస్టంకి కరెంటు అందించే పెట్టె) పోయిందని మార్చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. 41 చెప్పేదల్లా ఒక్కటే, నన్ను పద్ధతిగా ఆపలేదు అని. కరెంటు పోయినా 41 పడుతుంది, మనం బటన్ నొక్కి ఆపినా పడుతుంది.

నాకేమీ తోచలేదు. "నోటుబుక్కులో చివరి గడి చదవండి నాన్నా" అన్నాను.

"మొదటిరోజు: పైవాళ్లు మోటారు వేశారు. రెండోరోజు: అదే."

పై వాటాలో కొత్తగా అద్దెకి దిగినవాళ్లు రాత్రి భోజనాల ముందు బోరు మోటారు వేస్తున్నారు. మోటారు తిరగడం మొదలయ్యే క్షణంలో మామూలుగా తాగే కరెంటుకి ఐదారు రెట్లు లాగుతుంది, పాత వైరింగులో ఆ క్షణం వోల్టేజి కుంగుతుంది. ముందుగదిలో ట్యూబులైటు రెప్ప కొట్టడం మనందరం చూసేదే. ఎస్ఎంపీఎస్‌లు అలాంటి కుదుపుని సెకనులో అరవయ్యో వంతు దాకా ఓర్చుకునేలా తయారవుతాయి, అంతకు మించితే బ్యాటరీతో నడిపించే యూపీఎస్ అందుకోవాలి. అందుకే కదా అది ఉంది. మా యూపీఎస్ పచ్చ లైటుతో ఠీవిగా వెలుగుతోంది. నాన్నని దాని ప్లగ్గు ఊడదీయమన్నాను. ప్లగ్గు ఊడగానే సిస్టం కూడా పోయింది, ఒక్క సెకను కూడా నిలవలేదు. శిష్యుడితో విప్పిస్తే లోపల 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ పొట్ట ఉబ్బి, పెట్టెకి అతుక్కుపోయి ఉంది. దాన్ని ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ కావాల్సి వచ్చింది. చివరిసారి ఎప్పుడు మార్చారో ఎవరికీ గుర్తులేదు. చాలా సిస్టంలు ఇలాంటి కుదుపుకి టక్కున రీస్టార్ట్ అవుతాయి, మాది బిగుసుకుపోవడాన్ని ఎంచుకుంది.

దీన్ని షాపుకి తీసుకెళ్లి ఉంటే? షాపులో పైవాళ్ల మోటారు ఉండదు. బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అయినా ఫార్మాట్ కొట్టేవాళ్లు.

కొత్త సిస్టం కొనమన్న మాట పూర్తిగా తప్పేం కాదు, కాకపోతే దానికి కారణం వేరు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్టు ఆగిపోయింది, 2014 నాటి ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. బ్యాంకు పనులు దాంట్లో చేయొద్దని నాన్నకి చెప్పాను. ఆయన ఎప్పుడూ చేసింది లేదు. పద్యాలు కొట్టుకోవడానికి, ఇంటర్నెట్ తీగ పీకేసి, అది ఇంకా నడుస్తోంది.

మొన్న దసరాకి వెళ్లినప్పుడు నోటుబుక్కు తిరగేశాను. మార్చి తర్వాత పేజీలు దాదాపు ఖాళీ. చివరి నమోదు ఒక్కటే ఉంది, నాన్న గుండ్రటి దస్తూరీలో.

"మధ్యాహ్నం 3.10. ఆగింది. బాణం కదల్లేదు. క్యాప్స్ లాక్ వెలిగింది. కంట్రోల్ ఎస్ కొడితే సేవ్ అయింది. కనుక ఆగలేదు. మౌసులో సెల్లు అయిపోయింది."

'ఆగింది' అన్న మాటని స్కేలు పెట్టి కొట్టేశారు.